ఎడంచేతి వాటం

ఆ ఏడు శివరాత్రి వెళ్ళిన వారంలో మా తమ్ముడు సాయి తేజ ఎడమచేతి వేళ్ళు రెండు తెగాయి. నడివేలు, ఉంగరం వేలు, పై కణుపుల దాకా. తెగింది ఎక్కడో కాదు, మా ఆయన వర్క్‌షాపులోనే.

తేజ బాపట్లలో ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. గిటార్ మెడ మీద తీగలు నొక్కేది ఎడమచేతి వేళ్ళే. పెళ్ళిళ్ళూ తిరనాళ్ళూ లేని రోజుల్లో తెనాలి వచ్చి బావ దగ్గర పని చేసేవాడు. మా ఆయన శశిధర్ గంగానమ్మపేటలో ఒక రేకుల షెడ్డులో గిటార్లు తయారుచేస్తాడు. బజార్లో దొరికే ఫ్యాక్టరీ గిటార్లు కాదు. ఒక్కొక్కటీ చేత్తో చెక్కి, అతికి, నెలల తరబడి చేసేవి.

అక్కడ చెక్క కోసే రంపం మిషను ఒకటుంది. దాని బ్లేడుకి ముందు ఒక గార్డు ఉంటుంది. మందపు చెక్క కోసేటప్పుడు దాన్ని పైకి ఎత్తుతారు, పల్చటి చెక్కకి కిందికి దించుతారు. దించి ఉంటే చెయ్యి బ్లేడు దాకా పోదు. ఆ రోజు తేజ కోస్తున్నది పల్చటి చెక్క. గార్డు మాత్రం పైకి ఉంది. ఎవరు ఎత్తారో, ఎవరు దించడం మర్చిపోయారో ఆ ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

కుట్లు విప్పగానే అమ్మ తేజని చీరాల పక్కన పేరాలలో ఉన్న మా పుట్టింటికి తీసుకెళ్ళిపోయింది. నేను తెనాలిలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతాను. వేసవి సెలవులివ్వగానే నాలుగు చీరలు సర్దుకుని నేనూ వెళ్ళాను. వారం ఉండి వద్దామనే వెళ్ళాను.

అమ్మ గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం మీద ఉంది. నాన్న పోయాక ఇంట్లో నేసేది ఆవిడొక్కతే. నన్ను చూసి కూడా పోగుల మధ్య ఆడే నాడె ఆపలేదు.

"గార్డు ఎవరెత్తారో అడిగావా ఆయన్ని?" అంది.

"లేదమ్మా."

"ఎందుకని?"

అమ్మ ఇంకో నాలుగు పోగులు నేసి ఆపింది.

"బజార్లో అందరూ కేసు పెట్టమంటన్నారు. నేనే ఆగాను. ఎవరి మొహం చూసి ఆగానో నీకు తెలుసు. ఆ సంగతేంటో తేలిందాకా నువ్వు ఆ గడప తొక్కమాకు. ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడ బళ్ళు లేవా?"

మా పెళ్ళప్పుడు మావాళ్ళు వద్దన్నారు, వేమూరులో ఆయన తరఫు రైతుకుటుంబం వాళ్ళూ వద్దన్నారు. ఇటుపక్క నుంచి సరేనన్నది అమ్మ సుబ్బులమ్మ ఒక్కతే. అప్పటినుంచీ మా ఆయన్ని నోరారా "శశి బాబూ" అని పిలిచేది. ఆ వేసవిలో ఆయన "తెనాలాయన" అయిపోయాడు.

తేజ లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నిద్రపోవడం లేదని భుజం చూస్తే తెలుస్తోంది.

*

పేపర్లు దిద్దే పని ఉందని అమ్మకి చెప్పి ఒకరోజు తెనాలి ప్యాసింజరెక్కాను. అది అబద్ధమని అమ్మకి తెలిసే ఉంటుంది. ఆపలేదు.

షెడ్డు తలుపు తీసే ఉంది. రంపం మిషను మీద గోతం కప్పి తాడుతో కట్టేసి ఉంది. ఆయన ఒక ఇనప గొట్టాన్ని లోపల్నుంచి వేడి చేసి, దాని మీద తడిపిన పల్చటి చెక్కని ఆనించి వంచుతున్నాడు. గడ్డం పెరిగి ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, ఎప్పుడొచ్చావని అడగలేదు.

"ఆ చివర పట్టుకో. బలం పెట్టకు," అన్నాడు.

పట్టుకున్నాను. చెక్కలోంచి ఆవిరి, దానితోపాటు ఒక తియ్యటి వాసన వచ్చాయి. జిట్రేగి చెక్క, రోజ్‌వుడ్ అంటారే అది. రేపల్లెలో ఒక పాత మేడ కూలగొడుతుంటే దాంట్లో మంచం పలకలు చూసి, ఇవి మంచానికి దండగ బావా అని తేజే మోసుకొచ్చాడు. నాకు ఆ రోజు గుర్తుంది. ఇద్దరూ నెత్తిన పలకలు పెట్టుకుని రేపల్లె రైలు దిగి, నవ్వుకుంటూ వచ్చారు.

చెక్క గొట్టం మీద ఒక్కసారి చిటపటమంది. ఆయన ఊపిరి బిగబట్టాడు. నేనూ బిగబట్టాను. విరగలేదు. మెల్లగా వంగి, బల్ల మీదున్న అచ్చులో కూర్చుంది. అప్పుడు చూశాను ఆ అచ్చుని. మెడ కింద వేళ్ళు లోపలిదాకా పోవడానికి గిటార్‌కి ఒకపక్క నొక్కులాగా తీస్తారు. ఆ నొక్కు ఎప్పుడూ ఉండే వైపు లేదు. రెండోవైపుంది.

"ఇది తిరగబడిందేంటండీ?"

"తేజకి," అన్నాడు. "కుడిచేత్తో నొక్కి, ఎడంచేత్తో మీటేట్టు. బొటనవేలూ చూపుడువేలూ ఉన్నాయిగా. మీటడానికి చాలు."

"వాడు అడిగాడా?"

"లేదు."

"వాడికి తెలుసా?"

"తెలీదు. చెప్పొద్దు."

"పదేళ్ళ నుంచి వాయిస్తున్నాడు వాడు. చేతులు మార్చుకుని మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోమంటారా?"

ఆయన అచ్చుకి బిగింపులు పెడుతూ ఉండిపోయాడు. ఒక్కోటి బిగిస్తూ వేలితో నొక్కి చూస్తున్నాడు. చివరిది బిగించాక, "నాకింకేం చేతకాదు సునీలా," అన్నాడు.

అడగాల్సిన ప్రశ్న నా నాలుక మీదే ఉంది. గోతం కప్పిన మిషను నా వెనకే ఉంది. అడిగితే జవాబు వస్తుందేమోనని భయం. షెడ్డు పక్కనే ఉన్న మా ఇంట్లోకి వెళ్ళి గిన్నెలు తోమి, అన్నం వండిపెట్టి, సాయంత్రం బండికి తిరిగి పేరాల వెళ్ళిపోయాను. స్టేషను దాకా వచ్చాడు. బండి కదిలేటప్పుడు కూడా ఉండిపొమ్మని ఆయన అనలేదు.

*

వైశాఖంలో మా పిన్నత్త మనవరాలి పెళ్ళి, బాపట్లలో. వెళ్ళకపోతే బాగోదని అమ్మ తేజని బలవంతాన లేపింది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని వచ్చాడు.

మేము హాల్లోకి అడుగుపెట్టేసరికి పాట వినపడుతోంది. తేజ ఆర్కెస్ట్రానే పిలిచారు. మాకెవరూ చెప్పలేదు. పాడే అమ్మాయి ప్రశాంతి వీణ్ణి చూసి ఒక చరణం మొదలుపెట్టడం మర్చిపోయింది. స్టేజీ మీద ఎవరో కొత్తవాడు గిటార్ వాయిస్తున్నాడు. వాడి చేతిలో ఉన్నది తేజ గిటారే. పట్టీ మీద అమ్మ నేసిన జరీ అంచు ముక్క ఇంకా అలాగే ఉంది.

"అమ్మేశావా?" అన్నాను.

"ఇచ్చేశా. ఊరికే పడుంటే తీగలు తుప్పు పడతాయి." కుర్చీ లాక్కుని ముందు వరసలోనే కూర్చున్నాడు. రెండు పాటలు విన్నాడు. "పాపం, బాగానే వాయిస్తన్నాడు," అన్నాడు. మూడో పాటలో లేచి బయటికి వెళ్ళాడు.

నేను గేటు దగ్గరికి వచ్చేసరికి సూర్యలంక వెళ్ళే ఆటోలో కూర్చుని ఉన్నాడు. నేనూ ఎక్కాను.

"నువ్వెందుకక్కా?"

"సముద్రం చూడ్డానికి."

మిట్టమధ్యాహ్నం. బీచిలో నాలుగు కొబ్బరిబోండాల బళ్ళు తప్ప మనుషుల్లేరు. తేజ చెప్పులు విడిచి తిన్నగా నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళు మునిగాయి, ఆగలేదు. నడుం దాకా వచ్చింది, ఆగలేదు. నేను పట్టుచీరతోనే పరుగెత్తి వెనకనించి చొక్కా పట్టుకున్నాను. అల ఒకటి ఇద్దర్నీ ఊపేసింది. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయాయి. నేను చొక్కా వదల్లేదు.

"వదులు అక్కా. చావడానికి రాలేదు."

"మరి దేనికొచ్చావ్?"

"అక్కడ కూర్చోలేక."

వదల్లేదు నేను. అలా నీళ్ళలోనే నిలబడ్డాం. తడిసిన ఎడమచెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. కుట్లు మానిన చోట చర్మం ఇంకా ఎర్రగా, మెరుస్తూ ఉంది. ఇన్నాళ్ళలో వాడు నన్ను దాన్ని సరిగ్గా చూడనివ్వడం అదే మొదలు.

"బావేం చేస్తున్నాడు?" అని అడిగాడు.

"పనే."

"ఎవరికి?"

"నాకేం తెలుసు." ఆ మాట ఎంత తొందరగా అన్నానంటే వాడు నా మొహంలోకి చూశాడు. మాట మార్చాలని, ఇన్నాళ్ళూ దాచుకున్నది అడిగేశాను. "తేజా, గార్డు ఎవరెత్తార్రా?"

వాడు సముద్రం వైపు తిరిగాడు.

"అమ్మ అడగమందా?"

"నేనే అడుగుతున్నా."

"గుర్తులేదక్కా," అన్నాడు. గుర్తులేని మనిషి అంత ఆలోచించి చెప్పడు.

*

రోహిణి కార్తె వచ్చింది. పడమటి గాలి నిప్పులు చెరుగుతోంది. అమ్మ పొద్దున్నే లేచి మగ్గం గుంట చుట్టూ నీళ్ళు చిలకరించి, కిటికీలకి తడి గోనెలు కట్టి గాని నేతకి కూర్చోవడం లేదు. గాలి పొడిగా ఉంటే పడుగు దారాలు పుటుక్కున తెగిపోతాయి.

ఒక మధ్యాహ్నం ఆయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ చేసే మనిషి కాదు.

"పైపలక చిట్లింది," అన్నాడు.

గిటార్‌కి శబ్దం వచ్చేది ఆ పైపలకలోంచే. రెండు మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ మందం, అంతే. ఆయన ఎప్పటినుంచో దాచుకున్న చెక్క అది, మళ్ళీ అలాంటిది దొరకదు. నేను వెళ్ళేసరికి ఆయన గిటార్‌ని ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. ఇంకా రంగు పడలేదు, తీగలు లేవు. పాలిపోయిన చంటిబిడ్డలా ఉంది. నడిమి రంధ్రం పక్కన వెంట్రుకంత గీత. లోపల్నుంచి చిన్న చెక్కముక్కలు అతికి చీలికని ఆపాడు. కానీ షెడ్డు రేకులు కాలిపోతున్నాయి. తేమ చూపించే మీటరు ముల్లు కిందికి పడిపోయి ఉంది. తడి గోతాలు కప్పినా గంటకి ఎండిపోతున్నాయి.

"ఇంకో రెండు రోజులు ఇట్టా ఉంటే ఆ చివర్నించి ఈ చివరికి పగిలిద్ది," అన్నాడు.

నాకు వెంటనే ఒకటి తట్టింది. ఆయన మళ్ళీ మళ్ళీ ఆ గీత మీద బొటనవేలు రాస్తుంటే చూడలేక అనేశాను.

"మా అమ్మ మగ్గం గదిలో పెడితే?"

తలెత్తాడు.

"అక్కడ చల్లగా తడిగా ఉంటుంది. ఎంత ఎండొచ్చినా దారమే తెగదు."

"మీ అమ్మ గడప దాటనిచ్చిద్దా దీన్ని?"

"తెలీదు."

"తేజ చూస్తాడు."

"ఎప్పటికైనా చూడాల్సిందేగా."

దుప్పట్లో చుట్టి ఇచ్చాడు. బండిలో జనం కిక్కిరిసి ఉన్నారు. కిటికీ పక్క సీటు దొరికినా వడగాలి తగులుతుందని లేచి, తలుపులకి దూరంగా నిలబడ్డాను. ఎవరి మోచెయ్యి వచ్చినా నా భుజం అడ్డం పెట్టాను. నిడుబ్రోలులో ఒక పెద్దావిడ, "పసిబిడ్డా అమ్మా? కూర్చో, మోకాళ్ళు జరుపుతా," అంది. కాదని చెప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని చీరాల దాకా అలాగే కూర్చున్నాను.

అమ్మ మగ్గం మీదే ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"అదేంటి?"

"గిటారు."

"ఆయన చేసిందా?"

"తేజ కోసం చేశాడు. ఎండకి చిట్లింది. ఇక్కడ నాలుగు రోజులు పెట్టకపోతే పూర్తిగా పోద్ది."

"పోనీ," అంది అమ్మ.

నేను కదల్లేదు. దుప్పటి విప్పాను. అమ్మ దాన్ని చూసింది. చాలాసేపు చూసింది. ఆవిడకి గిటార్ గురించి ఏమీ తెలియదు, కాని చేత్తో చేసిన పని ఏదో, ఎన్ని రోజులు పట్టి ఉంటుందో చూస్తే చెప్పగలదు. ఆ చీలిక అతికిన చోటు వెతికి పట్టుకుని, దాని మీదే చూపు నిలిపింది. తర్వాత కాళ్ళు ఆడించి నేతలో పడింది. నేను దాన్ని దూలానికున్న కొక్కేనికి వేలాడదీశాను.

తేజ సాయంత్రం కాఫీకి వచ్చి చూశాడు. గ్లాసు చేతిలోనే ఉంది. గిటార్ చుట్టూ ఒకసారి తిరిగాడు. నొక్కు ఏవైపుందో చూశాడు. గ్లాసు కిందపెట్టి, కుడిచేత్తో దాని మెడ పట్టుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇందుకా ఆ రోజు బీచిలో అబద్ధమాడావు?"

"అవున్రా."

"ఏమనుకుంటున్నాడు బావ? చెయ్యి పోతే ఇంకో చెయ్యి ఉందిలే అనుకున్నాడా? కుడిచేత్తో ఒక్క వేలు ఎక్కడ పెట్టాలో తెలీదక్కా నాకు. పిల్లలు అ ఆలు దిద్దినట్టు దిద్దాలి. బాపట్లలో అందరూ చూస్తుండగా!" గొంతు పెద్దదైంది. "నేను అడిగానా? నన్నెవరన్నా అడిగారా?"

మగ్గం ఆగింది. అమ్మ వాడివైపు చూసింది. తేజ వీధిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడూ, ఆ మర్నాడూ ఆ గదిలోకి రాలేదు. కాని నాలుగో రోజు నేను బియ్యం ఏరుతుంటే మగ్గం గదిలోంచి టక్ మని శబ్దం వచ్చింది. మళ్ళీ టక్. తొంగి చూశాను. తేజ పైపలక మీద వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు. అమ్మ గుంటలో కూర్చుని, నేత ఆపి, తల పక్కకి తిప్పుకుని ఉంది, చూడనట్టు.

*

తొలకరి పడిన రోజు మా ఆయన వచ్చాడు. గాల్లో తేమ వచ్చేసింది కాబట్టి ఇక దాన్ని తీసుకెళ్ళి వార్నిష్ వేసి, తీగలు కట్టాలి. నాకు ఫోన్ చేసి, బయటికి తెచ్చివ్వు, లోపలికి రాను అన్నాడు. నేను తీసుకురాలేదు. వచ్చి అడిగి తీసుకెళ్ళమన్నాను.

వేళ్ళు తెగాక ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. అరుగు మీద చెప్పులు విడిచి గుమ్మం అవతలే నిలబడ్డాడు. తేజ మంచం మీద కూర్చుని ఉన్నాడు. బావా బావమరిదీ ఒకరినొకరు చూసుకుని చూపులు తిప్పుకున్నారు. అమ్మ మగ్గంలోంచి లేచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఎదురుగా నిలబడింది.

"నేనొకటి అడుగుతా," అంది. "మూడు నెలల్నించి అడుగుతన్నా. ఎవరూ చెప్పలేదు. ఆ గార్డు ఎవరెత్తారు?"

"నేనేనమ్మా," అన్నాడు తేజ.

అమ్మ వాడివైపు తిరిగింది.

"నేనే ఎత్తా. అంతకుముందు మందపు చెక్క కోశా. దించడం మర్చిపోయా. చెప్తే తిడతావని చెప్పలా."

అమ్మ భుజాలు కిందికి జారడం నాకు కనపడింది. ఆవిడ నోటమ్మట "అయ్యో నాయనా" అని వచ్చింది. అయిపోయింది, ఇక తెనాలి వెళ్ళిపోవచ్చు, బడి తెరిచేలోపే ఇల్లు దులుపుకోవచ్చు అని కూడా అనుకున్నాను. అంత తొందరగా.

"కాదత్తయ్యా," అన్నాడు మా ఆయన. "ఎత్తింది నేను."

వాన జోరందుకుంది. ఆయన వీపు తడుస్తోంది, లోపలికి మాత్రం జరగలేదు.

"గిటార్ మెడకి దుంగ కోసి, గార్డు దించకుండా టీకి పోయా. అరగంటలో వస్తానని చెప్పి పోయా. వీడొచ్చి మిషను వేశాడు."

అమ్మ తేజని చూసింది. "నీకు తెలుసా ఇది?"

"ఆ రోజే తెలుసు."

"మరి నువ్వెత్తానని ఎందుకన్నావ్?"

"అక్క ఎన్నాళ్ళుంటదమ్మా ఇక్కడ?" అన్నాడు తేజ. తర్వాత బావవైపు తిరిగి, "నీ మీద కోపం లేక కాదు. నేను మర్చిపోలేదు బావా. మర్చిపోతానని కూడా అనుకోమాక," అన్నాడు. ఆయన తలూపాడు.

నేను అమ్మ కేసు గురించి అంటుందేమోనని ఎదురుచూశాను. ఆవిడ మగ్గం గదిలోకి వెళ్ళి, కొక్కెం మీంచి గిటార్ తీసి, దుప్పటి చుట్టి నా చేతికిచ్చింది.

"వాన తగ్గిందాకా ఆయన్ని కూర్చోమను. ఇది తడిస్తే పాడైపోద్దిగా," అంది. అని గుంటలోకి దిగింది.

అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను. మా మధ్య గిటార్ ఉంది. ఎదురింటి చూరు నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"నాతో కూడా చెప్పలేదు," అన్నాను.

"నువ్వు అడగలేదు."

"అడగాలా?"

తడిసిన చొక్కా అంచు పిండుకుంటూ, "చెప్తే నువ్వు రావనుకున్నా," అన్నాడు.

"చెప్పకపోయినా రాలేదుగా."

వాన తగ్గాక ఆయన లేచి, గిటార్ పసిపిల్లలా పొదువుకుని స్టేషనుకి నడిచాడు. నేను వెంట వెళ్ళలేదు. తప్పు చేశాడని కాదు. పని చేసేవాళ్ళకి పొరపాట్లు జరుగుతాయి. వేసవంతా నేను అమ్మ దగ్గరుండి, ఆయన తరఫున లోపల్లోపల వాదించుకుంటుంటే, ఆయన చూస్తూ ఊరుకున్నాడు. అది మింగుడు పడలేదు.

*

బడి తెరిచారు. పేరాల నుంచే రోజూ రైల్లో తెనాలి వెళ్ళి వచ్చేదాన్ని. బడికీ మా ఇంటికీ పదడుగుల దూరం అన్నట్టుంటుంది. అయినా అటు తిరగలేదు. ఆయన రెండుసార్లు బడి గేటు దగ్గర కనపడ్డాడు. రమ్మని అడగలేదు. తిన్నావా అన్నాడు, తిన్నానన్నాను.

ఒక శనివారం పొద్దున నేను స్టేషనుకి బయల్దేరుతుంటే తేజ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు.

"వార్నిష్ ఆరిందంట. తీగలు కడతాడంట ఇవాళ," అన్నాడు.

"వెళ్తావా?"

"కట్టేటప్పుడు ఉండాలిగా. తీగల ఎత్తు ఎంత కావాలో ఆయనకేం తెలుసు?"

అమ్మ విన్నది. ఇద్దరికీ టిఫిన్ బాక్సులు కట్టింది.

మధ్యాహ్నం బడి వదిలాక షెడ్డుకి వెళ్ళాను. వెళ్ళాలని అనుకోలేదు, కాళ్ళు అటే పోయాయి. ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చుని ఉన్నారు. మాట్లాడుకోవడం లేదు. ఆయన తీగ బిగిస్తున్నాడు, తేజ దాన్ని మీటి, తలూపుతున్నాడు లేదా అడ్డంగా ఊపుతున్నాడు. ఆరో తీగ కూడా అయింది. చీలిక అతికిన చోట వెలుతురు పడితే సన్నటి గీత కనపడుతోంది. దాన్ని దాచడానికి ఆయన ప్రయత్నించలేదు.

తేజ ఒళ్ళోకి తీసుకున్నాడు. మొదట పాత అలవాటున మెడ ఎడమవైపుకి పోయింది. తిప్పుకున్నాడు. కుడిచేతి వేళ్ళు ఒక్కోటి రెండోచేత్తో పట్టుకుని, తీగల మీద పెట్టుకున్నాడు. ఎడమచేతి బొటనవేలితో మీటాడు.

అది శబ్దం కూడా కాదు. సగం తీగలు మూగగా ఉన్నాయి, ఒకటి జుయ్యిమంది.

ఆయన గబుక్కున లేచాడు. "తీగల ఎత్తు తగ్గిస్తా, ఇటియ్యి."

"ఎత్తు సరిగ్గానే ఉంది," అన్నాడు తేజ. "వేళ్ళే రావట్లా. నువ్వు కూర్చో బావా."

ఆయన కూర్చున్నాడు. తేజ మళ్ళీ వేళ్ళు అమర్చుకున్నాడు. మళ్ళీ మీటాడు. మళ్ళీ. చెమట కణతల మీంచి కారి గడ్డం దగ్గర ఆగుతోంది. ఒకసారి కోపంతో గిటార్ బల్లమీద పెట్టేశాడు. మంచినీళ్ళు తాగి వచ్చి తీసుకున్నాడు.

ఆ తర్వాత తేజ మళ్ళీ ఆర్కెస్ట్రాకి వెళ్ళలేదు. ఇప్పుడు ఆ షెడ్డులోనే పని చేస్తున్నాడు. గిటార్ వాయిస్తాడు గాని, పదిమందిలో కాదు. బావతో మాటలు అవసరానికే. అమ్మ మా ఇంటికి వస్తుంది, రెండు రోజులుంటుంది. షెడ్డులోకి మాత్రం ఈ రోజుకీ అడుగుపెట్టలేదు. కొన్ని సరవుతాయి, కొన్ని కావు.

ఆ శనివారం నేను పేరాలకి ఎక్కాల్సిన నాలుగు గంటల బండి కూత మాకు షెడ్డులోకి వినపడింది. తేజ తల ఎత్తలేదు. ఆయన నావైపు చూశాడు. నేను లేవలేదు. చీకటి పడుతుంటే ఫోన్ తీసి అమ్మకి చేశాను.

"ఇవాళ రాను," అన్నాను.

"వాడు?"

"వాడూ ఇక్కడే ఉంటాడు."

అమ్మ ఊఁ అంది. ఆయన్ని గురించి అడగలేదు. నేనూ చెప్పలేదు. తేజ అప్పుడే మళ్ళీ మీటాడు. ఆరు తీగల్లో ఐదు పలికాయి.

"అదేంటి?" అంది అమ్మ.

"తమ్ముడు."

ఫోన్ పెట్టేసిందేమోనని చూశాను. పెట్టలేదు. నేను చెయ్యి చాచి ఫోన్‌ని తేజ దగ్గరగా, బల్ల మీద పెట్టాను.